స్టాటిస్టిక్స్ మాస్టారికి సన్మాన విందు ఏర్పాటు చేయడం ఎలా?

హైదరాబాద్‌లో సెంట్రల్ యూనివర్సిటీ ముందు నుంచి లింగంపల్లి వైపు పోయే రోడ్డుకి ప్రొఫెసర్ సి.ఆర్.రావు రోడ్డు అని పేరు. రోజూ ఆ దారిలో ఆఫీసులకి పోయేవాళ్లని ఆపి ఈ రావుగారెవరని అడిగి చూడండి. రాజకీయ నాయకుడేమో అనేవాళ్లే ఎక్కువ దొరుకుతారు. నిజానికి ఆయన స్టాటిస్టిషియన్, అంటే గణాంక శాస్త్రవేత్త. డాక్టర్ పనేమిటో, ఇంజనీర్ పనేమిటో అందరికీ తెలుసు. స్టాటిస్టిషియన్ నలభై ఏళ్లు ఏం చేశారో మాత్రం ఒక్కోసారి ఇంట్లోవాళ్లకి కూడా తెలియదు.

సన్మాన సభల్లోనూ ఇదే తంతు. శాలువా కప్పుతారు, ‘గణాంక శాస్త్రానికి విశేష సేవలు’ అంటారు, ఫొటోలు దిగుతారు, భోజనం చేసి వెళ్లిపోతారు. ఆ సేవలేమిటో ఒక్కరూ చెప్పరు.

మీ మాస్టారు రిటైరవుతున్నారు, లేదా ఆయనకి డెబ్బై అయిదు నిండుతున్నాయి, లేదా ఏదో పెద్ద అవార్డు వచ్చింది. పాత విద్యార్థులంతా కలిసి ఒక సాయంత్రం విందు చేద్దామనుకున్నారు. అలాంటివాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. శాలువా, దండ, భోజనం ఎలాగూ మీరు బాగానే చూసుకుంటారు. వచ్చినవాళ్లు ఆయన చేసిన ఒక్క పనినైనా అర్థం చేసుకుని వెళ్లాలి. మిగతా ఏర్పాట్లన్నీ దానికి తగ్గట్టు చేసుకుంటూ పోవాలి.

ముందు ఆయన్ని అడగండి

సర్‌ప్రైజ్ పార్టీలు కుర్రాళ్లకి. డెబ్బై దాటిన మనిషిని ‘ఊరికే అలా వెళ్లొద్దాం రండి సార్’ అని తీసుకొచ్చి రెండొందల మంది ముందు నిలబెట్టకండి. ఇద్దరు ఇంటికి వెళ్లి, కూర్చుని అడగండి. మొదట ‘ఎందుకయ్యా ఇవన్నీ’ అంటారు. అది నిజంగా వద్దనడమా, మొహమాటమా అన్నది అమ్మగారి ముఖం చూస్తే తెలిసిపోతుంది.

నిజంగానే ఇష్టం లేకపోతే దారి మార్చండి. ‘మీ పేరు మీద డిపార్ట్‌మెంట్‌లో ఒక మెడల్ పెడదామనుకుంటున్నాం, ఆ సందర్భంగా మీరొక లెక్చర్ ఇవ్వండి, తర్వాత అందరం కలిసి భోంచేద్దాం’ అంటే చాలామంది మాస్టార్లు ఒప్పుకుంటారు. సన్మానం అంటే ఇబ్బంది పడేవాళ్లు కూడా పాఠం చెప్పమంటే సిద్ధంగా ఉంటారు.

అప్పుడే మరో మూడు విషయాలు కనుక్కోండి. ఎంతసేపు కూర్చోగలరు, మందులు ఏ టైముకి, ఎవరిని తప్పకుండా పిలవాలి. ఈ మూడోదానికి మాస్టారు ఒకరిద్దరి పేర్లు చెబుతారు. అసలు జాబితా అమ్మగారి దగ్గర ఉంటుంది.

తేదీ

మన దేశంలో జూన్ 29న స్టాటిస్టిక్స్ డే. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ స్థాపించిన పి.సి.మహలనోబిస్ పుట్టినరోజు అది. 2007 నుంచి జరుపుతున్నారు. సందర్భం బాగుంటుంది కానీ అప్పటికి విశాఖలో ఉక్కపోత పోదు, హైదరాబాద్‌లో వానలు మొదలవుతాయి. అడ్మిషన్ల హడావుడి ఒకటి. పైగా ఆ రోజు డిపార్ట్‌మెంట్ వాళ్లకి సొంత కార్యక్రమం ఉంటుంది.

నా ఓటు డిసెంబర్ చివరి వారానికి. అమెరికాలో ఉన్న పాత విద్యార్థులు ఇళ్లకి వచ్చేది అప్పుడే. రాలేనివాళ్లకి లైవ్ పెట్టినా, మనకి సాయంత్రం ఆరున్నర అయితే న్యూయార్క్‌లో పొద్దున్న ఎనిమిది. కాఫీ తాగుతూ చూస్తారు. కాలిఫోర్నియావాళ్లకి తెల్లవారుజాము అయిదు. అభిమానం ఉన్నవాళ్లు లేస్తారు. అమావాస్య పడకుండా ఒకసారి క్యాలెండర్ చూడండి. మీకు పట్టింపు లేకపోయినా వచ్చే పెద్దలకి ఉండొచ్చు.

కమిటీ, డబ్బు

అయిదుగురు చాలు. ఒకరు డబ్బు, ఒకరు భోజనం, ఒకరు పిలుపులు, ఒకరు స్టేజీ, ఒకరు సన్మాన పత్రం. వాట్సాప్ గ్రూపులో నూట యాభై మంది ఉంటే నూట యాభై సలహాలు వస్తాయి. నిర్ణయాలు మాత్రం ఈ అయిదుగురే చేయాలి. చందా ఇంత అని గీత గీయకండి. కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాడికీ, బ్యాంకులో జనరల్ మేనేజర్‌కీ ఒకే రేటు పెడితే కుర్రాడు రావడమే మానేస్తాడు. ఎవరికి తోచింది వాళ్లని ఇవ్వనివ్వండి. ఎవరెంత ఇచ్చారో గ్రూపులో పెట్టొద్దు. మొత్తం ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది అన్నది మాత్రం పెట్టి తీరాలి.

మెడల్ పెట్టాలనుకుంటే ఆ పని అన్నిటికంటే ముందు మొదలుపెట్టండి. యూనివర్సిటీకి డిపాజిట్ కట్టాలి, ఆ వడ్డీతో ఏటా మెడల్ ఇస్తారు, దానికి పాలకమండలి ఆమోదం కావాలి. ఫైలు కదలడానికి నెలలు పడుతుంది. ఉత్తర్వు చేతికి రాకుండా స్టేజీ మీద ప్రకటించొద్దు.

ఆయన పని ఏమిటో తెలుసుకోండి

అసలు కష్టం ఇక్కడే. చాలామంది దీన్ని ఎగ్గొట్టి బయోడేటాలోంచి ఎత్తి రాసేస్తారు. బయోడేటాలో పేపర్ల సంఖ్య, పీహెచ్‌డీల సంఖ్య, కమిటీల పేర్లు ఉంటాయి. వాటిలో మనిషి కనబడడు, పనీ కనబడదు.

ఒక మధ్యాహ్నం మాస్టారి ఇంటికి వెళ్లండి. స్టాటిస్టిక్స్ చదివినవాళ్లు ఒకరు, చదవనివాళ్లు ఒకరు వెళ్లాలి. చదవనివాళ్లు ఎందుకంటే, ‘అంటే ఏమిటి సార్?’ అని సిగ్గుపడకుండా అడిగేది వాళ్లే. ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి ఇలాంటివి అడగండి: మీరు చేసినవాటిలో మీకు బాగా నచ్చిన పని ఏది? ఆ సమస్య మీ దగ్గరికి ఎలా వచ్చింది? దానివల్ల ఎవరైనా తమ పద్ధతి మార్చుకున్నారా? ఎంత ప్రయత్నించినా తేలనిది ఏమైనా ఉందా? చివరి ప్రశ్నకి వచ్చే జవాబు ఒక్కోసారి మొదటి మూడిటికంటే బాగుంటుంది.

పాత రోజుల గురించి కూడా అడగండి. కంప్యూటర్లు రాకముందు స్టాటిస్టిక్స్ ల్యాబ్‌లో ఫేసిట్ మెషీన్లు ఉండేవి. బల్లమీద పెట్టుకుని, అంకెలు నొక్కి, పక్కన పిడి తిప్పితే గరగరమంటూ లెక్క చేసేవి. గది నిండా విద్యార్థులు ఒకేసారి తిప్పితే పక్క క్లాసువాళ్లకి పాఠం వినబడేది కాదు. డిపార్ట్‌మెంట్ స్టోర్‌రూమ్‌లో ఇప్పటికీ ఒకటి దుమ్ము పట్టి ఉండొచ్చు. దొరికితే తుడిపించి, విందు రోజు హాలు గుమ్మం దగ్గర బల్ల మీద పెట్టండి. పక్కనే మాస్టారి చేతిరాత నోట్సు, ర్యాండమ్ నంబర్ల (చీటీలు తీసినట్టు ఏ వరుసా లేకుండా వచ్చే అంకెల) పుస్తకం, మొదటి పీహెచ్‌డీ థీసిస్. ఖరీదైన పూల డెకరేషన్ కంటే ఈ బల్ల దగ్గరే జనం ఎక్కువసేపు నిలబడతారు.

ఇక ఆయన పనిని రెండు మూడు వాక్యాల్లో, లెక్కలు రానివాళ్లకి అర్థమయ్యేలా చెప్పడం నేర్చుకోవాలి. సి.ఆర్.రావుగారి సంగతే చూడండి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం ఎం.ఎ. చేసి కలకత్తా వెళ్లారు. పాతికేళ్ల వయసులో, 1945లో, కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో ఒక పేపర్ రాశారు. దానికి గుర్తింపుగా 78 ఏళ్ల తర్వాత, 2023లో, ఆయన నూట రెండేళ్ల వయసులో, ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ ఇచ్చారు. అందులో ఉన్న ఫలితాల్లో ఒకటి క్రామర్–రావు బౌండ్. పేరు వింటే భయమేస్తుంది కానీ ఇలా చెప్పొచ్చు: ‘చేతిలో ఉన్న డేటాతో ఒక అంచనా ఎంత నిక్కచ్చిగా వేయగలమో దానికొక హద్దు ఉంది. ఒకవైపుకి మొగ్గని పద్ధతి ఏదైనా సరే, ఎంత తెలివైనదైనా సరే, ఆ హద్దు దాటడం దానివల్ల కాదు. ఇంకా నిక్కచ్చిగా కావాలంటే మరింత డేటా తెచ్చుకోవాల్సిందే.’ ఇది వింటే ఇంటర్ చదివే పిల్లలకి కూడా అర్థమవుతుంది.

ఆ ఫలితం పుట్టిన కథ ఇంకా బాగుంటుంది. రావుగారు కలకత్తాలో ఎం.ఎ. క్లాసుకి పాఠం చెబుతున్నారు. శాంపిల్ చాలా పెద్దదైతే ఇలా ఉంటుంది అంటూ, ఇంగ్లండ్‌కి చెందిన పేరున్న స్టాటిస్టిషియన్ ఆర్.ఎ.ఫిషర్ చెప్పిన ఒక ఫలితం వివరించారు. దాండేకర్ అనే విద్యార్థి లేచి, ‘శాంపిల్ చిన్నదైతే ఏమవుతుంది?’ అని అడిగాడు. రావుగారు ఇంటికెళ్లి ఆ రాత్రి కూర్చుని సాధించి, మర్నాడు క్లాసులో చెప్పారు. మీ మాస్టారి జీవితంలో ఇలాంటి కథ ఒక్కటి పట్టుకోండి. పనీ మనిషీ రెండూ ఒకేచోట కనబడే కథ. అది దొరికితే సగం సభ అయిపోయినట్టే.

మీ మాస్టారు సి.ఆర్.రావు కానక్కర్లేదు. జిల్లా అర్థగణాంక శాఖవాళ్లకి శాంపిలింగ్ నేర్పి ఉండొచ్చు, మెడికల్ కాలేజీ డాక్టర్ల థీసిస్‌లన్నిటికీ లెక్కలు సరిచేసి ఉండొచ్చు. అవీ కథలే. కొన్నిసార్లు వాటి గురించి చెప్పడమే తేలిక.

సన్మాన పత్రం

మన సన్మాన పత్రాలకి ఒక జబ్బు ఉంది. ‘గణాంక శాస్త్ర వినీలాకాశంలో ధ్రువతారగా వెలుగొందుతూ, విద్యార్థి లోకానికి కల్పవృక్షమై...’ ఈ కాగితంలో పేరు మార్చి ఎవరికైనా ఇవ్వొచ్చు. అలా ఇవ్వగలిగితే అది ఆయన కోసం రాసింది కాదు.

మీ మాస్టారు పంటకోత ప్రయోగాల మీద పనిచేశారనుకోండి. వరి దిగుబడి అంచనా వేయడానికి ఊళ్లో పొలాలు ఎంచి, అందులో అయిదు మీటర్ల పొడవు, అయిదు మీటర్ల వెడల్పు గల చదరం కొలిచి, కోయించి, నూర్పించి తూకం వేస్తారు. ఏ పొలం, అందులో ఏ మూల అన్నది ర్యాండమ్ నంబర్లే తేల్చాలి. అధికారి తనకి నచ్చిన చోట కోస్తే లెక్క తప్పుతుంది. రోడ్డు పక్కన బాగా పండిన చేను కంటికి ఆనుతుంది కదా. అలాంటప్పుడు పత్రంలో ఇలా రాయొచ్చు: ‘పంట బాగున్న చోట కాదు, చీటీ చూపిన చోట కోయాలని మా అందరికీ నేర్పారు. బురదలో దిగి, టేపు పట్టుకుని దగ్గరుండి చూపించారు.’ ధ్రువతార కంటే బురదే నయం.

ఒక పేజీ దాటనివ్వకండి. ఫ్రేమ్ కట్టించాలి, చదవడానికి మూడు నిమిషాలు పట్టాలి. రాశాక మూడు పరీక్షలు పెట్టండి. మొదటిది, పత్రంలోని ప్రతి అంకె మాస్టారికి చూపించారా? హాలంతా స్టాటిస్టిషియన్లే. ‘మూడొందలకు పైగా పరిశోధనా పత్రాలు’ అని చదివితే వెనక వరుసలో ఒకాయన వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలుపెడతారు. రెండోది, గొప్ప పంచాల్సిన చోట పంచారా? క్రామర్–రావు పేరులో క్రామర్ ఉన్నాడు, రావు–బ్లాక్‌వెల్ సిద్ధాంతంలో బ్లాక్‌వెల్ ఉన్నాడు. విడివిడిగా చేరుకున్నా పేరు ఇద్దరికీ దక్కింది. మీ మాస్టారి పేపర్లోనూ తోడు రచయితలు ఉంటారు, వాళ్లలో ఒకరు ముందు వరుసలోనే కూర్చుని ఉంటారు. ‘ఆయనొక్కరే కనుగొన్నారు’ అని చదివితే అందరికంటే ఇబ్బంది పడేది మాస్టారే. మూడోది, ఇంటిపేరు, ఇనీషియల్స్, డిగ్రీలు అన్నీ అక్షరం అక్షరం సరిచూశారా? ప్రింటింగ్ ప్రెస్‌వాళ్లు ఒత్తులు మింగేస్తారు. ప్రూఫు కాగితం మీద చూడాలి, ఫోన్‌లో కాదు.

అభినందన సంచిక వేయాలనుకుంటే దానికి వేరే మనిషిని పెట్టండి. వ్యాసాలు పంపుతామన్నవాళ్లలో చాలామంది చివరిదాకా పంపరు. విందుకి ముందే రావాలని పట్టుబట్టకండి.

ఎంతమంది వస్తారు?

ఏ ఫంక్షన్‌కైనా ఇదే టెన్షన్. ఇక్కడ ఇంకో గొడవ ఉంది. స్టాటిస్టిక్స్ చదివినవాళ్లు చేసే విందులో భోజనం తక్కువైతే ఆ జోకు పదేళ్లు తిరుగుతుంది. కాబట్టి చదువుకున్నది వాడండి.

నూట ఎనభై మందిని పిలిచారనుకుందాం. తొంభై మంది వస్తామన్నారు, ముప్ఫై మంది రాలేమన్నారు, అరవై మంది ఉలుకూ పలుకూ లేదు. అందరూ చేసే పని ఈ అరవైలో ‘సగం వస్తార్లే’ అనుకోవడం. అలా చేయకండి. అరవై పేర్లూ చీటీల మీద రాసి పదిహేను తీయండి. ఆ పదిహేను మందికి ఫోన్ చేయండి. ఎత్తకపోతే సాయంత్రం చేయండి, మర్నాడు చేయండి, వాళ్ల ఫ్రెండ్ ద్వారా కనుక్కోండి. పదిహేనుకి పదిహేను మందీ ఏదో ఒకటి చెప్పాలి. అయిదుగురు వస్తామన్నారనుకోండి, అరవైలో సుమారు ఇరవై మంది వస్తారని లెక్క. జవాబివ్వనివాళ్లలోంచి శాంపిల్ తీసి వెంటపడే ఈ పద్ధతిని హాన్సెన్, హర్విట్జ్ అనే అమెరికా స్టాటిస్టిషియన్లు 1946లోనే రాశారు. ఎం.ఎస్సీలో పరీక్ష కోసం చదివే ఉంటారు.

చీటీలు ఎందుకు, జాబితాలో పైనున్న పదిహేను మందికి చేస్తే పోదా అంటారేమో. పైనున్నవాళ్లు మీరు ముందుగా గుర్తు తెచ్చుకున్నవాళ్లు, అంటే మీ ఫ్రెండ్స్. వాళ్లు ఎలాగూ వస్తారు. ఆ లెక్క నమ్ముకుంటే ప్లేట్లు మిగిలిపోతాయి.

వస్తామన్న తొంభై మందిలోనూ ఆఖరి నిమిషంలో కొందరు ఆగిపోతారు. కొందరు చెప్పకుండా తల్లినో, పిల్లల్నో వెంటబెట్టుకుని వస్తారు. మన వైపు ఈ రెండూ ఇంచుమించు చెల్లుకు చెల్లు. తక్కువపడడం పరువు సమస్య, మిగలడం డబ్బు సమస్య. అందుకని వచ్చిన అంచనా కంటే కాస్త పైకి చెప్పడమే మంచిది. క్యాటరర్‌ని ముందే అడిగి కాగితం మీద రాయించుకోండి: ఎన్ని ప్లేట్లకి డబ్బు కట్టి తీరాలి, అంతకు మించి వస్తే ఎంతమందికి సర్దగలరు, ఆఖరి సంఖ్య ఎన్ని రోజుల ముందు చెప్పాలి. మిగిలితే ఏ హాస్టల్‌కి పంపాలో కూడా ముందే మాట్లాడి పెట్టుకోండి. రాత్రి పదిన్నరకి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తరు.

హాలు, భోజనం

హాలు సంగతి పెద్దగా చెప్పేదేమీ లేదు. మెట్లు తక్కువ ఉండాలి, స్టేజీకి పక్కనుంచి ర్యాంపు ఉంటే మేలు, బాత్రూమ్ దగ్గరుండాలి, మైకు ముందురోజే పరీక్షించాలి. స్టేజీ మీద సోఫాలు వేయకండి. వాటిలో కూరుకుపోయిన పెద్దవాళ్లు లేవలేక అవస్థ పడతారు. చేతులున్న గట్టి కుర్చీలు వేయించండి.

భోజనం బఫే పెట్టినా, ఒక వైపు నాలుగైదు బల్లలు వేసి పెద్దవాళ్లకి కూర్చోబెట్టి వడ్డించే ఏర్పాటు ఉండాలి. మెనూ పొడుగు తగ్గించి రుచి పెంచండి. ముద్దపప్పు, గుత్తి వంకాయ, పులిహోర, మంచి రసం, గడ్డ పెరుగు, ఒక బూరె. డెబ్బై దాటినవాళ్లలో షుగర్ ఉన్నవాళ్లు చాలామంది, వాళ్లకి రెండు పుల్కాలు, నూనె తక్కువ కూర ఒకటి.

ఇలాంటి విందుల్లో కడుపు నిండా తినని మనిషి ఒకరే ఉంటారు, సన్మానం జరిగినాయన. ముద్ద నోట్లో పెట్టుకోబోతే ఒకరు సెల్ఫీకి వస్తారు, రెండో ముద్దకి మరొకరు కాళ్లకి దండం పెడతారు. గ్రూప్ ఫొటోలన్నీ భోజనానికి ముందే ముగించేయండి. తినేటప్పుడు దంపతుల బల్ల దగ్గర ఇద్దరు గట్టి మనుషుల్ని నిలబెట్టి, ‘సార్ భోంచేస్తున్నారు, పావుగంట ఆగండి’ అనిపించండి.

మాట్లాడేవాళ్లు

నలుగురు, ఒక్కొక్కరికి అయిదు నిమిషాలు. ఆయనతో చదువుకున్న స్నేహితుడు ఒకరు, విద్యార్థి ఒకరు, ఇంట్లోంచి ఒకరు. నాలుగో మనిషి స్టాటిస్టిక్స్ బయటివాళ్లు అయుండాలి. ఆయన సలహా తీసుకున్న డాక్టర్, వ్యవసాయ శాస్త్రవేత్త, ఫ్యాక్టరీ ఇంజనీర్, ఎవరైనా సరే. ‘మా డేటా తీసుకెళ్తే రెండు నిమిషాలు చూసి, మీరు అడగాల్సిన ప్రశ్న ఇది కాదండీ అన్నారు’ అని ఆ మనిషి చెప్పే ఒక్క మాట, పది మంది ప్రొఫెసర్ల పొగడ్తల కంటే జనానికి అర్థమవుతుంది.

వైస్ చాన్సలర్నో, మంత్రినో పిలవాలా? పిలిస్తే సభ వాళ్ల టైము ప్రకారం జరుగుతుంది, మాస్టారి టైము ప్రకారం కాదు. యూనివర్సిటీ పరంగా తప్పదనుకుంటే పిలవండి. ఆలస్యమైనా వాళ్ల కోసం ఆగకుండా సభ మొదలుపెట్టే ధైర్యం ఉండాలి.

అందరికీ ముందే ఫోన్ చేసి ఒక మాట చెప్పండి. ‘వేదికను అలంకరించిన పెద్దలకు, గౌరవనీయులైన...’ అంటూ పేర్లన్నీ యాంకర్ ఒక్కరే మొదట్లో చదువుతారు, మీరు నేరుగా విషయంలోకి రండి అని. ఒక్కో వక్తా ఆ వరుస చదివితే తలా ఒక నిమిషం దాంట్లోనే పోతుంది. యాంకర్‌గా గొంతు ఒక్కటే బాగున్నవాళ్లని కాకుండా చిట్టీ పంపి ఆపగలిగినవాళ్లని పెట్టండి.

ఆ సాయంత్రం

ఆరుకి టిఫిన్, కాఫీ. ఆరున్నరకి జ్యోతి ప్రజ్వలన, చిన్న ప్రార్థన. తర్వాత ఆయన పని గురించి మీరు తయారుచేసిన వివరణ, వీలైతే ఆ ఇంటర్వ్యూలోంచి ఓ అయిదు నిమిషాల వీడియో. ఇది ముందు పెట్టండి. వక్తలు మాట్లాడేసరికి జనానికి ఆయన చేసిందేమిటో తెలిసి ఉంటుంది. ఆపైన నలుగురు వక్తలు, సన్మాన పత్రం, శాలువా, దండ, జ్ఞాపిక. అమ్మగారిని తప్పకుండా స్టేజీ మీదకి పిలిచి ఇద్దరికీ కలిపి చేయండి. దండలు తేలికైనవి. కమిటీ తరఫున ఒకే శాలువా. ఇంకెవరైనా తెచ్చుకుంటే కింద, భోజనం దగ్గర ఇచ్చుకోమనండి. లేకపోతే శాలువాల వరుసకే నలభై నిమిషాలు పోతాయి. తర్వాత మాస్టారి స్పందన. ఆయనకి మాత్రం టైము పెట్టకండి. వందన సమర్పణ రెండు నిమిషాలు. ఎనిమిదింపావుకల్లా విస్తళ్లు వేయాలి.

టిఫిన్ టైములో ఒక సరదా పెట్టుకోవచ్చు. 1920ల్లో ఇంగ్లండ్‌లో రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో మ్యూరియెల్ బ్రిస్టల్ అనే ఆవిడ, కప్పులో ముందు పాలు పోశారో టీ పోశారో తాగి చెప్పగలనంది. అక్కడే పనిచేసే ఫిషర్ దాన్ని ప్రయోగంగా మార్చి, 1935లో తన పుస్తకంలో ఆ ఆలోచనను వివరించాడు. సి.ఆర్.రావుగారికి కేంబ్రిడ్జ్‌లో పీహెచ్‌డీ గైడ్ ఈ ఫిషరే. మనం టీ బదులు ఫిల్టర్ కాఫీతో చేద్దాం. చిన్న కాగితపు కప్పులు ఎనిమిది. నాలుగింట్లో ముందు డికాక్షన్, నాలుగింట్లో ముందు పాలు. కప్పుల అడుగున నంబర్లు వేసి, ఏ నంబర్‌లో ఏది అన్నది చీటీలు తీసి నిర్ణయించి, ఒకరు తెర వెనక కలపాలి. చక్కెర, వేడి, కొలత అన్నిట్లోనూ ఒకటే. కలిపిన మనిషి రుచి చూసే మనిషి ఎదటికి రాకూడదు. ముఖం చూసి చెప్పేస్తారు.

‘నేను చెప్పగలను’ అనే కాఫీ అభిమానులు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. వాళ్లని పిలిచి, డికాక్షన్ ముందు పోసిన నాలుగూ వేరు చేయమనండి. ఎనిమిదిలో నాలుగు ఎంచడానికి 70 రకాలున్నాయి, కాబట్టి గుడ్డిగా చెప్పి నాలుగూ సరిపోయే అవకాశం 70లో ఒకటి. నాలుగింటిలో మూడు సరిగ్గా చెప్పి కాలరెగరేసేవాళ్లూ ఉంటారు. గుడ్డిగా చెప్పినా కనీసం మూడు కుదిరే అవకాశం 70లో 17, అంటే దాదాపు నాలుగింట ఒక వంతు. చప్పట్లు కొట్టకండి. తీర్పు చెప్పడానికి మాస్టారిని కూర్చోబెట్టండి. రుచి చూడమనొద్దు, ఆ టైములో కాఫీ ఆయనకి పడకపోవచ్చు. ఈ పావుగంటలో ఆయన ముఖంలో కనబడే హుషారు శాలువా కప్పినప్పుడు కనబడదు. ఫొటోగ్రాఫర్‌ని ఇక్కడే ఉంచండి.

మర్నాటి నుంచి

దంపతుల్ని ఇంటిదాకా కారులో దింపింది ఎవరో, జ్ఞాపికలూ ఫ్రేమూ అదే కారులో వెళ్లాయో లేదో ఆ రాత్రే కనుక్కోండి. వారం లోపు ఖర్చుల లెక్క గ్రూపులో పెట్టండి, బిల్లుల ఫొటోలతో సహా. మిగిలిన డబ్బు మెడల్ ఖాతాకి. వీడియో మొత్తం రెండున్నర గంటలు పంపితే ఎవరూ చూడరు. మాస్టారి స్పందన విడిగా, ఆయన పని మీద వివరణ విడిగా కత్తిరించి పంపండి. ఇంటర్వ్యూ రికార్డింగ్ అసలు ప్రతిని డిపార్ట్‌మెంట్ లైబ్రరీకి ఒకటి, వాళ్ల పిల్లలకి ఒకటి ఇవ్వండి. ఫేసిట్ మెషీన్ తెచ్చినచోట తిరిగి అప్పగించి సంతకం తీసుకోండి. స్టోర్‌రూమ్ రిజిస్టర్‌లో అది ఇప్పుడు మీ పేరు మీద ఉంటుంది.